సైనిక కుటుంబాలు సలహా కేంద్రానికి వస్తే ముందు ఏ కాగితం అడగాలి? (పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు)

సలహాబల్ల_పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. మాది చిన్న ఉచిత సలహా కేంద్రం. రేషన్ కార్డు, ఆధార్ సవరణ, వృద్ధాప్య పింఛను, పట్టా కాగితాలు మాకు అలవాటైన పనులే. ఇప్పుడు మాజీ సైనికులు, వాళ్ల భార్యలు, సర్వీసులో ఉన్న కుర్రాళ్ల తల్లిదండ్రులు కూడా వస్తున్నారు. గజపతి, రాయగడ, కోరాపుట్ వైపు వాళ్లే కాదు, నది దాటి పాతపట్నం నుంచి కూడా వస్తారు. మా కార్యకర్తల్లో ఫౌజు కాగితాలు తెలిసినవాళ్లు లేరు. మనిషి వచ్చి కూర్చోగానే ముందు ఏం అడగాలి? ఏది మేం చెయ్యొచ్చు, ఏది ముట్టుకోకూడదు? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

పాత_హవల్దార్

మాస్టారూ, ముందు మనిషి ఏ బాపతో తేల్చుకోండి. మన వైపు "మిలట్రీ" అనే ఒక్క మాటలో అందర్నీ కలిపేస్తారు. సైన్యం, నేవీ, ఎయిర్‌ఫోర్స్ ఒక దారి. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ ఇంకో దారి. ఈ రెండో వాళ్లు హోం శాఖ కిందకి వస్తారు. వాళ్ల పింఛను స్పర్శ్‌లో (రక్షణ శాఖ ఆన్‌లైన్ పింఛను పద్ధతి) ఉండదు, బ్యాంకు ద్వారా వస్తుంది. సంక్షేమం వార్బ్ (ఆ బలగాల సంక్షేమ, పునరావాస బోర్డు) చూస్తుంది, జిల్లా సైనిక్ బోర్డు (మాజీ సైనికుల సంక్షేమ ఆఫీసు) కాదు. మల్కన్‌గిరి, కోరాపుట్‌లలో పనిచేసి రిటైరైన బీఎస్‌ఎఫ్ మనిషిని మీరు సైనిక్ బోర్డుకి పంపితే, బస్సు ఛార్జీ దండగ చేసుకుని తిరిగొస్తాడు.

సైన్యం మనిషే అని తేలాక అడగాల్సింది: పింఛను వస్తోందా, లేదా? డిశ్చార్జి బుక్కు, పీపీవో (పింఛను మంజూరు ఉత్తర్వు) చూపించమనండి. రెండూ ఉంటే పింఛనుదారు. డిశ్చార్జి బుక్కు ఒక్కటే ఉంటే, కొన్నేళ్లే చేసి పింఛను రాకుండా వచ్చేసినవాడు కావచ్చు. అతనికి దొరికే సాయం వేరు, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) మామూలుగా ఉండదు. అగ్నివీర్ (నాలుగేళ్ల సర్వీసుకి చేరినవాడు) అయితే అది మూడో కథ, కింద ఎవరో ఒకరు రాస్తారు.

డిశ్చార్జి బుక్కు అసలుని మీ దగ్గర ఒక్క రాత్రి కూడా ఉంచుకోకండి. ఫొటో తీసుకుని అప్పుడే చేతికిచ్చెయ్యండి. అది పోతే నకలు కోసం ఎఫ్ఐఆర్, అఫిడవిట్, రికార్డ్ ఆఫీసు (సర్వీసు కాగితాలు దాచే సైన్యం ఆఫీసు)... నెలల పని.

బరంపురం_గుమస్తా

పై మాటకి చేర్పు. మన సరిహద్దులో తొంభై పాళ్ల గొడవ పేరుదే.

ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకోదాంట్లో వెనక, మూడోదాంట్లో పొడి అక్షరం. దానికి తోడు ఒడియా. ఒడియాలో వెంకటరావు రాసేటప్పుడు "వ" బదులు "భ" రాస్తారు. ఆ ఒడియా కాగితం చూసి ఇంగ్లీషులో ఎక్కించినవాడు "భెంకట రావ్" చేస్తాడు. ఆర్మీ గుమస్తా భర్తీనాడు విన్నట్టు రాసుకున్నది "వెంకట్ రావు". ఆధార్‌లో ఇంటిపేరుతో కలిపి పూర్తి పేరు. కంప్యూటర్‌కి వీళ్లు ముగ్గురు మనుషులు.

అందుకని ఒక తెల్లకాగితం మీద గళ్లు గీయండి. అడ్డంగా: డిశ్చార్జి బుక్కు, పీపీవో, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్కు. నిలువుగా: భర్త పేరు, అతని పుట్టిన తేదీ, భార్య పేరు, ఆమె పుట్టిన తేదీ, పిల్లల పేర్లు, తేదీలు. ఇంగ్లీషు స్పెల్లింగు అక్షరం అక్షరం ఉన్నదున్నట్టు దించండి, మీరు సరిచెయ్యకండి. ఎక్కడ తేడా ఉందో దాని చుట్టూ ఎర్ర సున్నా. ఈ ఒక్క కాగితం చేసిస్తే చాలు, సైనిక్ బోర్డులో సగం పని అయిపోయినట్టే.

ఏది మార్చాలన్నది తర్వాతి ప్రశ్న. పీపీవోలో ఉన్నది నిజంగా సరైన పేరే అయితే ఆధార్, బ్యాంకు వైపు మార్చుకోవడం తేలిక. పీపీవోలోనే తప్పుంటే రికార్డ్ ఆఫీసుకి పోవాలి. కంగారుపడి ముందు ఆధార్ మార్చేసి, తర్వాత పీపీవో వైపు వెళ్తే రెండు చోట్లా ఇరుక్కుంటారు. ఆధార్‌లో పేరు రెండుసార్లకి మించి మామూలుగా మార్చనివ్వరు, పుట్టిన తేదీ ఒక్కసారే.

రికార్డ్ ఆఫీసు ఊరిని బట్టి కాదు, పలటన్ని (రెజిమెంటు, కోర్) బట్టి ఉంటుంది. మద్రాస్ రెజిమెంటు అయితే వెల్లింగ్టన్. మద్రాస్ సాపర్లు (ఇంజినీర్లు), ఏఎస్‌సీ (సరఫరా, రవాణా) బెంగళూరు. ఆర్టిలరీ నాసిక్ రోడ్. సిగ్నల్స్ జబల్‌పూర్. ఈఎంఈ (యంత్రాలు, మరమ్మతులు) సికింద్రాబాదు. మెడికల్ కోర్ లక్నో. డీఎస్‌సీలో (రక్షణ భద్రతా కోర్) రెండో సర్వీసు చేసినవాళ్లకి కన్నూర్. ఉత్తరంలో ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు మొదటి వరుసలోనే ఉండాలి. నంబరు లేని ఉత్తరానికి జవాబు రాదు.

సలహాబల్ల_పర్లాకిమిడి

గళ్ల కాగితం మాట బాగుంది, రేపట్నుంచే. ఇంకో సందేహం. పాత పీపీవోల్లో భార్య పేరే కనిపించడం లేదు. భర్త బతికుండగానే ఏమైనా చెయ్యాలా?

పాత_హవల్దార్

బతికుండగానే చెయ్యాలి. ఇదే మీరు చెయ్యగల అన్నిటికంటే పెద్ద మేలు.

పెళ్లి, బిడ్డ పుట్టుక, విడాకులు, ఏదైనా సరే సైన్యంలో పార్ట్ టూ ఆర్డర్ (కుటుంబ వివరాలు రికార్డుకి ఎక్కించే ఉత్తర్వు) పడితేనే రికార్డులో ఉన్నట్టు. సర్వీసులో ఉన్న కుర్రాడి తల్లిదండ్రులు మీ దగ్గరికొస్తే, కోడలి పేరు మీద పార్ట్ టూ ఆర్డర్ పడిందా, పిల్లల పేర్లు పడ్డాయా అని అడగండి. పడకపోతే కుర్రాడు యూనిట్‌లోనే పెట్టుకోవాలి, ఊళ్లో మనం చేసేది పెళ్లి రిజిస్ట్రేషను, బర్త్ సర్టిఫికెట్ తెప్పించి పంపడమే. రిటైరయ్యాక భార్య పేరు ఎక్కించాలంటే రికార్డ్ ఆఫీసుకి దరఖాస్తు, పెళ్లి రుజువు, ఇద్దరి ఫొటోలు, అఫిడవిట్, సైనిక్ బోర్డు ధ్రువీకరణ పెట్టి పంపాలి. భర్త సంతకం పెట్టే స్థితిలో ఉండగా రెండు మూడు నెలల పని. ఆయన పోయాక అదే పని కోసం ఆమె ఏళ్ల తరబడి తిరుగుతుంది.

ఆమె పుట్టిన తేదీ కూడా ఎక్కించండి. 80 దాటితే కుటుంబ పింఛను మీద 20 శాతం అదనం, 85కి 30, 90కి 40, 95కి 50, వందేళ్లకి రెట్టింపు. తేదీ లేకపోతే 80 ఎప్పుడు వచ్చిందో కంప్యూటర్‌కి తెలీదు. మన ముసలమ్మల ఆధార్‌లో తేదీ తెలియక జనవరి 1 వేసి ఉంటారు. ఓటరు కార్డులో వయసు వేరే ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి ఏది నిలబడుతుందో ముందే చూసుకోండి.

రాయగడ_రికార్డు

భర్త పోయాక వచ్చే పింఛను లెక్క కూడా బల్ల దగ్గర ఉన్నవాళ్లకి తెలిసి ఉండాలి. చాలామంది "తగ్గించేశారు" అని ఏడుస్తూ వస్తారు, తీరా చూస్తే తప్పేమీ ఉండదు.

మామూలు కుటుంబ పింఛను చివరి జీతంలో 30 శాతం. రిటైరయ్యాక చనిపోతే మొదటి 7 ఏళ్లు, లేదా ఆయనకి 67 నిండే తేదీ దాకా, ఏది ముందొస్తే అంతదాకా 50 శాతం ఇస్తారు. సర్వీసులో ఉండగా పోతే 10 ఏళ్లు. ఆ గడువు అయిపోయిన నెల 50 నుంచి 30కి పడిపోతుంది. అది కోత కాదు, నియమం. గడువు తేదీ ముందే లెక్కకట్టి ఆమె పాస్‌బుక్కు అట్ట మీద రాసిపెడితే ఆ నెల గుండె ఆగదు. సేవ వల్లే చనిపోయారని తేలితే ప్రత్యేక కుటుంబ పింఛను 60 శాతం, యుద్ధంలాంటి సందర్భాల్లో ఉదారీకృత పింఛను, అంటే నూరు శాతం. మరణ కారణం కాగితంలో ఏమని రాశారో అందుకే చూడాలి.

మరణం స్పర్శ్‌లో వెంటనే తెలియజెయ్యాలి. తెలియజెయ్యకపోతే పింఛను పడుతూనే ఉంటుంది, కర్మకాండ ఖర్చులకి తీసేస్తారు, తర్వాత ఆ డబ్బు ఆమె పింఛన్లోంచి రాబడతారు. చనిపోయిన తేదీ తర్వాత పడిన పింఛను ముట్టుకోవద్దని కచ్చితంగా చెప్పండి. భార్యాభర్తల ఉమ్మడి ఖాతా ఉంటే అదే ఖాతా కొనసాగించుకోవచ్చు.

జీవన్_ప్రమాణ్_దుకాణం

నవంబరులో మీ బల్ల నిండిపోయేది లైఫ్ సర్టిఫికెట్లతోనే (పింఛనుదారు బతికే ఉన్నారన్న ఏటేటి రుజువు). 80 దాటినవాళ్లకి అక్టోబరు 1 నుంచే వీలుంది, వాళ్లని ముందే పిలవండి. ఎవరి గడువు ఎప్పుడో స్పర్శ్ లాగిన్‌లో కనిపిస్తుంది.

పొలం పని చేసిన వేళ్లకి వేలిముద్ర పడదు. యంత్రాన్ని తిట్టుకుంటూ ఇరవైసార్లు నొక్కించే బదులు ముఖం తీసుకోండి. ఆండ్రాయిడ్ ఫోను కావాలి, ముందు కెమెరా బాగుండాలి. ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్, ఈ రెండు యాప్‌లు ఎక్కించాలి. మొదట ఫోను నడిపే కార్యకర్త తన ఆధార్‌తో, తన ముఖంతో ఒకసారి నమోదవ్వాలి. ఆ తర్వాత పింఛనుదారు వివరాలు. కూర్చోబెట్టేటప్పుడు వెలుగు ముఖం మీద పడాలి, వెనక కిటికీ ఉండకూడదు. కళ్లజోడు తియ్యాలి. ఫోను కదలకూడదు, మనిషి కనురెప్పలు ఆడించాలి. "బామ్మా, కళ్లు మూసి తెరువు" అని తెలుగులో చెప్పడమే సగం సాంకేతికం.

తప్పు జరిగేది ఇక్కడ. పింఛను మంజూరు చేసినది ఎవరు అంటే ఆర్మీవాళ్లకి డిఫెన్స్, పీసీడీఏ పెన్షన్స్ అలహాబాద్ ఎంచుకోవాలి. ఎయిర్‌ఫోర్స్, నేవీవాళ్లకి వేరే పేర్లుంటాయి. పింఛను ఇచ్చేది ఎవరు అన్నచోట అలవాటుకొద్దీ స్టేట్ బ్యాంకు నొక్కేస్తారు. స్పర్శ్ అని నొక్కాలి. బ్యాంకు నొక్కినా ప్రమాణ్ నంబరు వస్తుంది, మెసేజీ వస్తుంది, అంతా అయిపోయిందనుకుంటారు. ఆ సర్టిఫికెట్ మాత్రం స్పర్శ్‌కి చేరదు, పింఛను ఆగిపోతుంది. పీపీవో నంబరు కూడా పాత పొడుగు నంబరు కాదు, స్పర్శ్ ఇచ్చిన 12 అంకెలది. మెసేజీ వచ్చిన వారం తర్వాత స్పర్శ్‌లో గడువు తేదీ ముందుకి జరిగిందో లేదో చూస్తేనే పని అయినట్టు.

ఆగిన పింఛను పోదు. సర్టిఫికెట్ చేరాక బకాయితో సహా పడుతుంది. కంగారులో ఏజెంటుకి డబ్బివ్వొద్దని చెప్పండి.

సలహాబల్ల_పర్లాకిమిడి

చాలామంది స్పర్శ్ పాస్‌వర్డు మర్చిపోతున్నారు. ఓటీపీ చూస్తే హైదరాబాదులోనో సూరత్‌లోనో ఉన్న కొడుకు ఫోనుకి పోతోంది. పాస్‌వర్డులు మా రిజిస్టరులో రాసి పెట్టుకుంటే మళ్లీ మళ్లీ తిప్పకుండా ఉంటుందని ఒక ఆలోచన.

జీవన్_ప్రమాణ్_దుకాణం

పని వేగంగా అవుతుంది, నిజమే. మా దగ్గర కూడా కొందరు అలానే అడుగుతారు.

రాయగడ_రికార్డు

వద్దు. వద్దే వద్దు. స్పర్శ్ లాగిన్‌లోంచి బ్యాంకు ఖాతా మార్చే వీలుంటుంది. ఆ రిజిస్టరు ఎవడి చేతికైనా పడితే పింఛను వేరే ఖాతాకి మళ్లుతుంది, మొదటి అనుమానం మీ మీదే. పాస్‌వర్డు కవర్లో పెట్టి ఇంటావిడ చేతికే ఇవ్వండి. ఫోను నంబరు మాత్రం ఊళ్లో ఉండే మనిషిదిగా మార్పించండి, ఆధార్‌లోనూ స్పర్శ్‌లోనూ. మీ రిజిస్టరులో ఉండాల్సింది: వచ్చిన తేదీ, అడిగిన పని, మీరు చెప్పిన జవాబు, మళ్లీ రావాల్సిన తేదీ. అంతే.

జీవన్_ప్రమాణ్_దుకాణం

సరే, ఒప్పుకుంటున్నా.

జైపూర్_ప్లీడరు

రెండు రాష్ట్రాల చిక్కు గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నా.

పింఛనుకి రాష్ట్రంతో పనిలేదు. దేశంలో ఏ బ్యాంకులోనైనా పడుతుంది. సైనిక్ బోర్డు నమోదు మాత్రం ఒక్కచోటే, మనిషి స్థిరంగా ఉంటున్న చోట. పాతపట్నంలో పుట్టి భర్తీనాడు శ్రీకాకుళం చిరునామా ఇచ్చి, ఇప్పుడు పర్లాకిమిడిలో ఇల్లు కట్టుకున్నవాడు శ్రీకాకుళం బోర్డు నుంచి మార్పు తెచ్చుకోవాలి. రెండు చోట్లా పేరుంచుకుని రెండు వైపులా సాయం అడిగితే, పరిశీలనలో రెండూ పోతాయి. ఒడిశా, ఆంధ్రా రెండూ తమవనే కొఠియా ఊళ్లలో రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నవాళ్లకి ఇది మరీ జాగ్రత్తగా చెప్పాలి. ఒడిశాలో ప్రతి జిల్లాకీ బోర్డు ఆఫీసు ఉండదు. బరంపురంలో ఉన్నది మీకు దగ్గర. మీ జిల్లా ఏ ఆఫీసు కిందకి వస్తుందో ఒకసారి కనుక్కుని గోడకి అంటించండి.

వారసత్వ కాగితం ఒడిశాలో తహసీల్దారు ఇచ్చే లీగల్ హెయిర్ సర్టిఫికెట్. ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) విచారణకి వస్తాడు, ఆ రోజు ఇంటి దగ్గర సాక్షులు ఉండాలి. ఆంధ్రాలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అంటారు. కాగితం ఒట్టి ఒడియాలోనో తెలుగులోనో ఉంటే నాసిక్‌లో కూర్చున్న గుమస్తాకి అర్థంకాదు, ఇంగ్లీషు అనువాదం నోటరీ చేయించి జతచెయ్యాలి.

ఇక కుటుంబ తగాదా. అత్త, కోడలు ఒకే కేసు మీద మీ దగ్గరికి వేరువేరుగా వస్తారు. పింఛను మామూలుగా భార్యది. ఇన్సూరెన్సు డబ్బు నామినేషను ప్రకారం పోతుంది, అందులో తల్లికి వాటా రాసి ఉండొచ్చు. ఈ రెండూ కలిపేసి ఊళ్లో పంచాయితీ పెడతారు. మీరు ఒకరికి సలహా ఇచ్చాక రెండోవారిని కూర్చోబెట్టకండి. మొదట వచ్చినవారిది మీరు చూడండి, రెండోవారిని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి పంపండి. 15100కి ఫోను చేస్తే చాలు. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సాయం చట్టంలోనే ఉంది. 2025 జులై 26న నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) వీర్ పరివార్ సహాయతా యోజన మొదలయ్యాక సైనిక్ బోర్డుల్లోనే న్యాయ సహాయ క్లినిక్కులు పెడుతున్నారు.

సర్వీసులో ఉన్నవాడి పొలం గట్టు జరిపేశారని తండ్రి వస్తే, కొడుకు కమాండింగ్ ఆఫీసరు నుంచి కలెక్టరుకి, ఎస్పీకి ఉత్తరం రాయించుకోవడం మొదటి మెట్టు. ఆ ఉత్తరంలో భూమి ఖాతా నంబరు, ప్లాటు నంబరు, మౌజా (రెవెన్యూ గ్రామం) పేరు లేకపోతే అది తిరిగి యూనిట్‌కే పోతుంది. ఆర్‌ఓఆర్ (భూమి హక్కుల పత్రం) నకలు తీసి కొడుక్కి పంపడం మీ పని. సరిహద్దుల్లో ప్రత్యేక పరిస్థితుల్లో పనిచేస్తున్నవాడి మీద సివిల్ దావా నడుస్తుంటే, 1925 నాటి ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ యాక్టు కింద వాయిదా అడగొచ్చు. కింది కోర్టుల్లో అది గుర్తు చేసేవాడే తక్కువ.

వైకల్య పింఛను తిరస్కారం అయితే ముందు శాఖలో అప్పీలు. ఉత్తరం అందిన 6 నెలల్లోపు వెయ్యాలి. కవరు మీద పోస్టల్ ముద్ర తేదీతో సహా దాచమనండి. ఆ తర్వాత సాయుధ బలగాల ట్రిబ్యునల్, ఒడిశావాళ్లకి కోల్‌కతా బెంచి. ఆ ఫైలుకి మెడికల్ బోర్డు కాగితం ఏఎఫ్ఎమ్ఎస్ఎఫ్-16 నకలు కావాలి. "వచ్చినదాంట్లో ఇంత" అని కమీషను మాట్లాడుకునే దళారులున్నారు, జాగ్రత్త.

ఆసుపత్రి_దారి

ఈసీహెచ్‌ఎస్ గురించి నాలుగు ముక్కలు. 2003 ఏప్రిల్‌లో మొదలైంది, పింఛనుదారులకీ కుటుంబ పింఛనుదారులకీ. 1996కి ముందు రిటైరైనవాళ్లు చందా కట్టక్కర్లేదు. తల్లిదండ్రుల పేరు ఎక్కించాలంటే వాళ్ల నెల ఆదాయం 9,000, దానిమీద డీఏ కలిపినంత మించకూడదు. కొడుకు 25 ఏళ్ల దాకా, లేదా ఉద్యోగమో పెళ్లో అయ్యేదాకా. వికలాంగుడైన కొడుక్కి వయసు హద్దు లేదు, ఈ సంగతి చాలామందికి తెలీదు.

గుండెపోటు వచ్చి దగ్గర్లో ఉన్న జాబితాలో లేని ఆసుపత్రిలో చేర్చారంటే, 48 గంటల్లోపు ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌కి తెలియజెయ్యాలి. అర్ధరాత్రి పర్లాకిమిడి నుంచి శ్రీకాకుళమో విశాఖో పరుగెత్తే ఇంట్లో ఇది ఎవరికి గుర్తుంటుంది? అందుకే పాలీక్లినిక్ ఫోను నంబరు, మెయిలు ఒక చీటీ మీద రాసి కార్డు వెనక అంటించి ఇవ్వండి. ఎమర్జెన్సీ సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు అసలువి కావాలి. మందుల షాపు తెల్లచీటీ చెల్లదు.

బరంపురం_గుమస్తా

కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే సాయం మొత్తాలు 2025 నవంబరు 1 నుంచి వేసిన దరఖాస్తులకి మారాయి, పాత కరపత్రాలు చింపెయ్యండి. పింఛను లేని, 65 దాటిన మాజీ సైనికుడికో, అలాంటివాడి వితంతువుకో నెలకి 4,000 ఉండేది, ఇప్పుడు 8,000. పిల్లల చదువుకి ఇద్దరి వరకు తలా నెలకి 2,000, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా. కూతురి పెళ్లికి లక్ష, ఇద్దరు కూతుళ్ల వరకు. ఇవన్నీ హవల్దారు, దానికి సమానమైన ర్యాంకు వరకే. కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైటులో నింపి, అసలు కాగితాలతో జిల్లా బోర్డుకి వెళ్లాలి. అక్కణ్ణుంచి రాష్ట్రం, ఆపైన ఢిల్లీ. ఆన్‌లైనులో నొక్కేసి ఊరుకుంటే అది అక్కడే ఉంటుంది. పెళ్లి సాయం 180 రోజుల్లో అడగాలి, పెళ్లి రిజిస్ట్రేషను ఆలస్యం చేసి చాలామంది పోగొట్టుకుంటారు. మధుబాబు పింఛను (ఒడిశా ప్రభుత్వం ఇచ్చేది) లాంటిది ముందే వస్తుంటే దరఖాస్తులో దాచొద్దు.

ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ వేరు. వృత్తి కోర్సులో మొదటి ఏడాది చేరినవాళ్లకి, ముందు పరీక్షలో 60 శాతం ఉంటే. ఆడపిల్లకి నెలకి 3,000, మగపిల్లాడికి 2,500, ఏడాదికి దేశం మొత్తానికి 5,500 మంది. తండ్రి ఇంకా సర్వీసులో ఉంటే రాదు.

పాత_హవల్దార్

అగ్నివీర్ సంగతి నేనే రాసేస్తా. 2022 డిసెంబరు, 2023 జనవరి నుంచి శిక్షణకి వెళ్లిన మొదటి జట్టు నాలుగేళ్లు నిండి బయటికొచ్చే కాలం ఇది. నూటికి పాతిక మంది వరకు ఉంచుకుంటారు. మిగతావాళ్లకి సేవానిధి (బయటికొచ్చేటప్పుడు ఒకేసారి ఇచ్చే మొత్తం), వడ్డీతో సుమారు 11.71 లక్షలు. పింఛను లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు, మాజీ సైనికుడి హోదా లేదు. సర్వీసులో ఉండగా 48 లక్షల బీమా ఉంది. ఇంటికొచ్చిన కుర్రాడి చేతిలో ఒకేసారి అంత డబ్బు చూసి బైకు షోరూమువాళ్లు, చిట్టీలవాళ్లు, వియ్యాలవారు అందరూ వస్తారు. మీరు చెయ్యగలిగింది అతని నైపుణ్య సర్టిఫికెట్లు, బ్యాంకు కాగితాలు ఒక ఫైలులో పెట్టించడం, ఏ ఉద్యోగాల్లో అగ్నివీర్లకి కోటా ఉందో నోటిఫికేషన్లు చూసిపెట్టడం.

ఆసుపత్రి_దారి

ఇంకొకటి. కాగితం పని మీద వచ్చినట్టే వచ్చి, "నిద్ర పట్టట్లేదమ్మా", "తాగుడు ఎక్కువైంది" అని ఇంటావిడ మెల్లిగా అంటుంది. దాన్ని విననట్టు ఊరుకోవద్దు. మానసిక ఆరోగ్య సాయం ఫోను టెలీమానస్ 14416, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. సైనికులూ వాళ్ల కుటుంబాల కోసం పుణెలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీలో 2023 డిసెంబరు నుంచి ప్రత్యేక విభాగం ఉంది. బల్ల ఒక మూలకి జరిపి, మూడో మనిషి వినకుండా మాట్లాడే చోటు ఒకటి పెట్టండి. క్యూలో నిలబెట్టి ఎవరూ ఆ మాట చెప్పరు.

సలహాబల్ల_పర్లాకిమిడి

చాలా సాయం చేశారు. గళ్ల కాగితం అచ్చు వేయిస్తున్నాం, తెలుగు ఒక పక్క, ఒడియా ఒక పక్క. ఆఖరి ప్రశ్న: బరంపురం బోర్డుకి మేమే మనిషిని తోడు పంపాలా, చీటీ రాసిస్తే చాలా?

బరంపురం_గుమస్తా

ఒడియా రాని ముసలావిడ అయితే తోడు పంపండి. మిగతావాళ్లకి చీటీ చాలు, కానీ చీటీలో ఒక్క పనే రాయండి. మూడు పనులు రాస్తే మూడోది చూసి "మళ్లీ రండి" అంటారు. ఫొటోలు ఆరు, ఆధార్ జెరాక్సు నాలుగు, క్యాన్సిల్ చేసిన చెక్కు ఒకటి కవర్లో పెట్టి పంపండి. చెక్కు బుక్కు లేకపోతే పాస్‌బుక్కు మొదటి పేజీ, ఐఎఫ్‌ఎస్‌సీ కోడు చెరిగిపోకుండా ఉన్నది.